ఉత్త సీసా

ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది ఉరుకుందమ్మ
ముప్పై రెండు ఆల్చిప్పలు.
హంద్రి వచ్చి తుంగభద్రలో కలిసే చోటికి కాస్త కింద
మోకాల్లోతు నీళ్లలో
కాలివేళ్లతో వెతికి తీసినవి.
"ఇవి పనికిరావు" అన్నాను.
"బతికే ఉండాయి సూడు మేడమ్" అని
ఒకదాన్ని గోటితో తట్టింది.
అది మూసుకుంది,
అప్పు అడగబోయి ఆగిన నోరులా.

ఎలా చెప్పను.
నేను వెతికేది ఆ కవర్లోనే ఉంది.
కవరును మెత్తగా ఉంచే మందు
కవర్లో అద్దెకుంటుంది,
ఎండ తగిలితే మూట సర్దుకుంటుంది.
దాని పేరు ఇంగ్లీషులో నా నోట్‌బుక్కు అడ్డంగా సగం గీత,
ఆమెకు చెప్పడానికి తెలుగులో ఒక్క మాటా లేదు.
"ప్లాస్టిక్ చెమట" అన్నాను చివరికి.
ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది.
కొంగూ పాలిస్టరే. ఆ మాట అనలేదు.

మరుసటి మంగళవారం
సత్తు గిన్నెలో, తడి నూలుగుడ్డ కప్పి,
జోహరాపురం నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.
"చంటిబిడ్డను తెచ్చినట్టు తెస్తిని.
పక్కనాయప్ప వాసనని ముక్కు మూసుకున్యాడు."

గాజు పళ్లెం, ఉక్కు కత్తి, గాజు సీసా.
వాచీ తీశాను, జడ క్లిప్పు తీశాను,
చేతి గాజులు ఎలాగూ గాజువే కదా అనుకుని
చప్పుడెందుకులే అని అవీ తీశాను.

చిప్ప మీద గీతలున్నాయి.
నీళ్లు పారిన ఏడు వెడల్పుగా,
పారని ఏడు
ఒకదాన్నొకటి రాసుకుంటూ.
లోపల మెత్తటి జీవి, కన్ను లేదు, నాలుక లేదు,
రోజంతా నదిని లోపలికి పిలిచి
తనకు కావలసింది ఉంచుకుని
మిగతా నీళ్లను తేటచేసి సాగనంపుతుంది.
కోడికొట్ల కవర్లు, పెళ్లిళ్ల గ్లాసులు,
చవితి వెళ్లాక తేలే రంగు పూలు,
వాటన్నిటిలోంచి వచ్చిన ఆ చెమట
తనకు కావలసిందో కాదో
దానికి ఎవరు చెప్పాలి?

ఉరుకుందమ్మ ఇంట్లో
ఎర్రగడ్డ, మిరప్పొడి వేసి వేపుతారు,
జొన్నరొట్టెలోకి.
"కోడి కొనలేని దినాలకు ఇదే కదమ్మా కూర.
మా అత్త మోకాళ్లకూ ఇదే మందు."

రెండు రాత్రులు నూరాను, వడకట్టాను, ఆవిరి పట్టాను.
ప్రతి వరుసలో ఒక ఉత్త సీసా పెట్టాలి.
మాంసం ఉండదు, నది ఉండదు,
మిగతా అన్నీ ఒకటే.
కంప్యూటర్ తెర మీద ఆల్చిప్ప గీత లేచింది,
బురుజంత.
దాని పక్కనే ఉత్త సీసా గీత కూడా లేచింది,
చిన్న గుట్టలా.

మళ్లీ కడిగాను, మళ్లీ కాల్చాను.
మళ్లీ గుట్ట.
ఏసీ గొట్టమా, కిటికీ రబ్బరా,
పొద్దున నేను రాసుకున్న క్రీమా,
నా ఊపిరా?
పద్ధతి ప్రకారం
ఉత్త సీసాది ఆల్చిప్పలోంచి తీసెయ్యాలి.
తీసేస్తే మిగిలింది నదిది.
తీసేసింది ఎవరిదో
రాయడానికి ఫారంలో గడి లేదు.

"తినమంటావా, వొద్దంటావా?"
ఆమెకు అంకె అక్కర్లేదు.
నా రిపోర్టు చివరి వాక్యం
మరిన్ని నమూనాలు అవసరమని.
అదే చెప్పాను, నేల చూస్తూ.
ఆమె తెర వైపు వంగింది.
"ఈ సిన్న గుట్ట ఏంది?"
"ఏమీ లేని సీసా."
"ఏమీ లేకపోతే గుట్ట యాడిది మేడమ్?"

కాసేపు ఇద్దరం ఆ గుట్టనే చూశాం.

"వచ్చే మంగళారం ఎన్ని తేవాల?"
"ఇరవై. ఇంకో గిన్నె ఉత్తదే తీసుకురా.
నది దగ్గర మూత తీసి, మళ్లీ పెట్టి,
వాటితో పాటే ఒళ్లో పెట్టుకుని."
నవ్వింది ఉరుకుందమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.
"ఉత్త గిన్నెకు గూడా బాడుగ ఇస్తావా?"
ఇస్తానన్నాను.